పాత ల్యాప్‌టాప్‌కి లినక్స్ పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కొత్త ల్యాప్‌టాప్ కొనమని షాపువాడు చెప్పాడన్నావు. తొందరపడకు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కేమో ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, నీది ఆరో తరం ఐ5. అంతేగానీ మిషన్‌కి వచ్చిన రోగమేమీ లేదు, విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్‌కి నిక్షేపంగా సరిపోతుంది. ఎక్కించడం పెద్ద పని కాదు. చాలామంది విసిగిపోయి మళ్ళీ విండోస్‌కి పోయేది ప్రింటర్ దగ్గరో, తెలుగు టైపింగ్ దగ్గరో, ఆఫీసు ఫైలు దగ్గరో. ముందు వాటి సంగతి తేల్చుకో, డిస్కు సంగతి తర్వాత.

ఏ లినక్స్ అని నలుగురిని అడిగితే ఎనిమిది పేర్లు చెబుతారు. మన చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా ఉంది. నా మాట విని లినక్స్ మింట్ తీసుకో. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీయే అయితే తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 ఉంటే సినమన్ ఎడిషన్.

మింట్ సైట్ నుంచి దించుకునే ఇన్‌స్టాల్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది తీసుకుని విండోస్‌లోనే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయి. రాసే ముందు, ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చే షా256 సంఖ్య సైట్‌లో ఉన్నదానితో సరిచూడు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌లోకే ఎవరో చొరబడి దొంగ ఫైలుకి లింకు మార్చేశారు. అది అరుదులే, రోజూ జరిగేది సగం దిగిన ఫైలు. ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే తప్పంతా ల్యాప్‌టాప్ మీదకి పోతుంది.

ఆన్ చేస్తూ డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కి, వచ్చే లిస్టులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే దాని నుంచి మొదలవుతుంది. డిస్కుని ముట్టుకోకుండానే మింట్ మొత్తం నడుస్తుంది. ఓ పూట అలాగే వాడు. వైఫై, స్పీకర్, కెమెరా, బ్లూటూత్ చూడు, మూత మూసి తెరిస్తే లేస్తోందా చూడు. వైఫై అసలు కనపడకపోతే చాలాసార్లు బ్రాడ్‌కామ్ చిప్ అయి ఉంటుంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెట్టి, అంటే ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి ఇచ్చి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరువు.

ప్రింటర్ కూడా అప్పుడే తగిలించు. మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉండే రెండింటి గురించి చెబుతాను. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్ పేరు లిస్టులో కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. దాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్, అదే ఫర్మ్‌వేర్, దానిలో నిలవదు, ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరే పంపాలి. అందుకు లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌పీలిప్‌తోపాటు హెచ్‌పీ వాళ్ల ప్లగిన్ విడిగా దించుకోవాలి. హెచ్‌పీలిప్ కొత్త వెర్షన్ వస్తే ప్లగిన్ కూడా మళ్ళీ వేసుకోవాలి, నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ మొరాయించేది అందుకే. కానన్ ఎల్‌బీపీ 2900 అయితే ఇంకా తలనొప్పి, డ్రైవర్ పాతకాలంది. దానితో కుస్తీ పట్టకు, మీ నాన్నగారి కంప్యూటర్‌కే ఉంచెయ్. కొత్త ప్రింటర్ కొంటే పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉన్నది చూసి కొను, అలాంటివాటికి సాధారణంగా డ్రైవరే అక్కర్లేదు.

ఇక డిస్కు. ఒకే డిస్కుని రెండు ముక్కలు చేసి విండోస్, లినక్స్ పక్కపక్కన పెట్టమని అందరూ చెబుతారు, నాకు నచ్చదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దానితోపాటు పాత హార్డ్ డిస్కు పెట్టుకోవడానికి యూఎస్‌బీ కేసు ఒకటి కొను. పాతది విప్పి కేసులో పెట్టి పక్కన దాచు. లోపల కొత్త డిస్కు ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాలర్ 'ఎరేజ్ డిస్క్' అన్నా భయం లేదు. పాత డిస్కుకి విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఉందేమో విప్పకముందే చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. అది లేకపోతే ఫోటోలన్నీ అందులోనే ఉంటాయి, తెరవడానికే ఉండదు. ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడకపోతే ఆన్ చేస్తూనే తెరిచే సెట్టింగుల్లో, అంటే బయోస్‌లో, సాటా మోడ్ ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చు. ర్యామ్ పెంచాలనుకుంటే పాతదాని మీద స్టిక్కర్ ఫోటో తీసుకుని వెళ్ళు. ఆరో తరం ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3ఎల్, డీడీఆర్4 రెండూ వచ్చాయి, ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టదు.

తెలుగు అక్షరాల కీబోర్డ్ అయిన ఇన్‌స్క్రిప్ట్ నీకు వస్తే, అది కీబోర్డ్ లేఔట్లలోనే ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటైతే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకో. లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అయితేగానీ కనపడదు. వర్డ్, ఎక్సెల్ బదులు మింట్‌తో వచ్చే లిబ్రేఆఫీస్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్ళి లాంగ్వేజెస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్‌కి టిక్ పెట్టి తెలుగు ఎంచుకో. తెలుగు ఫాంటు, సైజు ఇంగ్లీషువాటికి విడిగా ఉంటాయక్కడ. అది తెలియక సైజు మారడం లేదని జుట్టు పీక్కుంటారు. అను ఫాంట్లతో చేసిన పాత శుభలేఖలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేకపోతే విండోస్‌లోనూ అంతే.

ఆఫీసుకి పంపేది పీడీఎఫ్‌గా పంపు. వాళ్ళు దిద్దాల్సిందైతేనే వర్డ్ ఫైలు (డాక్స్). మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్ళ మీద ఆశ పెట్టుకోకు. ట్యాలీ, జీఎస్‌టీ డిజిటల్ సంతకం టోకెన్ ఉన్న బావగారి కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళకు, అది విండోస్‌లోనే ఉండనీ.

మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్ మొదటి రోజే ఆన్ చెయ్యి. అప్‌డేట్ ఏదైనా చెడితే నిన్నటి స్థితికి తెస్తుంది. కానీ అది కాపాడేది సిస్టమ్‌ని, నీ ఫోటోలని కాదు. వాటికి వేరే డిస్కు మీదకి డెజా డూప్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో వారానికోసారి కాపీ తియ్యి, ఒకసారి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూడు. ఆ డిస్కు కింది సొరుగులో పెట్టకు, 2015 చెన్నై వరదలు గుర్తున్నాయిగా.

రిచీ స్ట్రీట్‌లో ఆదివారం చాలా షాపులు తెరవరు. శనివారం పొద్దున్నే వెళ్ళు, బిల్లు మీద ఎస్‌ఎస్‌డీ సీరియల్ నంబరు రాయించుకో. వారంటీకి అదే అడుగుతారు.

మీ మావయ్య