కొడుకు సంతకంతో తండ్రికి ఆపరేషన్ చేయవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మూత్రం ఆగిపోతే దారి చేస్తామని నడుముకు మత్తిచ్చి ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. మధ్యలో బయటున్న నాతో ఇంకో కాగితంపై సంతకం పెట్టించుకుని వృషణాలు తీసేశారు. దీనికి బదులు ఇంజెక్షన్లు ఉంటాయని తర్వాత తెలిసింది. నాన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వేయవచ్చు. అయితే ‘తప్పు వైద్యం చేశారు’ అని మాత్రం వేయకండి, నిలవదు. ఈ దశలో టెస్టోస్టిరాన్ (వృషణాల్లో తయారయ్యే మగ హార్మోన్) తగ్గించడమే ప్రధాన చికిత్స. అందుకు వృషణాలు తీసేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. నెలకో మూడు నెలలకో వేసే ఇంజెక్షన్లూ అదే పని చేస్తాయి, కాకపోతే ఏళ్ల తరబడి ఖర్చు. రెండింటిలో ఏది కావాలో మీ నాన్నగారిని అడగలేదన్నదే మీ కేసు.

సమీరా కోహ్లీ కేసులో (2008) సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకు, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తెలివిలో ఉన్నప్పుడు సొంతంగా నిర్ణయించుకోగల మనిషి తరఫున తల్లి సమ్మతి చెల్లదని, ప్రత్యామ్నాయాలేమిటో డాక్టరు ముందే చెప్పాలని కోర్టు అంది. రోగి మేలుకే చేశామన్నా, ప్రాణాపాయం లేనప్పుడు ఒప్పుకోలేదు. మీ నాన్నగారికి మత్తు నడుముకే ఇచ్చారు. స్పృహ పోయేలా వేరే మందేమీ ఇవ్వకపోతే బల్ల మీద ఆయన మెలకువగానే ఉండి ఉంటారు. ఆయన్ని వదిలేసి తలుపు తీసి మిమ్మల్ని ఎందుకు అడిగారో ఆసుపత్రే చెప్పాలి.

ముందు కేస్ షీట్ (చికిత్స వివరాల రికార్డు) కోసం రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. కన్సెంట్ ఫారంలో (సమ్మతి పత్రంలో) ఆపరేషన్ పేరు ఏముంది, ఏ భాషలో ఉంది, టైమ్ వేశారా చూడండి. వెన్నుపాము నొక్కుకుని కాళ్లు పడిపోతున్నాయని ఎక్కడైనా రాసి ఉంటే అత్యవసరమని వాదిస్తారు. అప్పుడు కేసు కష్టమవుతుంది.

ఫిర్యాదు నాన్నగారి పేరుతోనే, రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. పెద్ద మొత్తం ఆశించకండి: పైన చెప్పిన కేసులో దక్కిన పరిహారం 25 వేలు, పైగా ఆపరేషన్ ఫీజు రద్దు. ఈ టెన్షన్‌లో పడి పీఎస్ఏ పరీక్షలు (ప్రోస్టేట్ క్యాన్సర్ తీరు తెలిపే రక్తపరీక్షలు) మానకండి. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే వేరే యూరాలజిస్టుకు చూపించండి. ఇంజెక్షన్ల దారి ఉండేదని ఆయన రాసిస్తే ఆ కాగితాన్నీ ఫిర్యాదుకు జత చేయవచ్చు.