అమ్మాయి వియత్నాం వెళ్లి ఇంగ్లిష్ చెబుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది గాజువాక. నేను స్టీల్‌ప్లాంటులో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ వేసవిలో బీఏ ఫైనలియర్ పరీక్షలు రాసింది. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. పీజీలో చేరే ముందు ఒక ఏడాది గ్యాప్ తీసుకుని, టెఫెల్ సర్టిఫికెట్ చేసి, వియత్నాంలో ఇంగ్లిష్ టీచరుగా పనిచేస్తానంటోంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు సర్టిఫికెట్, ఉద్యోగం, వీసా అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు అడిగారు. నలభై రోజుల్లో పంపిస్తారట. ముందు టూరిస్టు వీసా మీద వెళ్లి, అక్కడ మార్చుకోవచ్చట. వాళ్లమ్మ ససేమిరా అంటోంది. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి కోరిక మంచిదేనండీ. నాకు భయం వేసింది ఆ నలభై రోజుల మాట దగ్గర, టూరిస్టు వీసా మాట దగ్గర. ముందు ఒక్క పని చేయండి. ఆ డబ్బు కట్టకండి, అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఎందుకో చెబుతాను. ఈ ఏడాదిని ఎలా వాడుకుంటే అమ్మాయి నిజంగా టీచరుగా వెళ్లగలదో కూడా చెబుతాను.

టెఫెల్ అనగానే చాలామంది టోఫెల్ అనుకుంటారు. టోఫెల్ మన ఇంగ్లిష్‌ను కొలిచే పరీక్ష. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఆ భాష నేర్పే పనిని టెఫెల్ అంటారు, టెసోల్ అన్నా దాదాపు అదే. ఆ పేరుతో సర్టిఫికెట్ అచ్చువేసి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే కొన్ని వేలకూ దొరుకుతుంది, అర లక్షకూ దొరుకుతుంది. దాని మీద 120 గంటల కోర్సు అని రాసి ఉంటుంది. శనివారం మొదలుపెట్టి ఆదివారం రాత్రికి పూర్తిచేసిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. వాళ్లలో ఒక్కరు కూడా ఒక్క క్లాసైనా చెప్పలేదు.

కాస్త పరువున్న సర్టిఫికెట్లు రెండున్నాయి. ఒకటి కేంబ్రిడ్జి వారి సెల్టా, రెండోది ట్రినిటీ కాలేజ్ లండన్ వారి సర్ట్‌టెసోల్. సెల్టాలో దాదాపు 120 గంటల శిక్షణ ఉంటుంది, నాలుగు రాత పనులుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, శిక్షకుడు వెనక కూర్చుని చూస్తుండగా నిజమైన విద్యార్థులకు 6 గంటల పాఠం చెప్పాలి. ప్రతి పాఠం తర్వాతా ఏది బాగుందో, ఏది కుదర్లేదో మొహం మీదే చెబుతారు. పూర్తిస్థాయిలో చేస్తే నాలుగైదు వారాలు పడుతుంది. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు, అందులోనూ పాఠం వినేది నిజమైన విద్యార్థులే. ఖర్చు మాత్రం లక్ష దాటుతుంది. ఆ కన్సల్టెన్సీ వాళ్లకు ఇచ్చే డబ్బులో పెద్ద భాగం దీనికే పెట్టవచ్చని నా ఉద్దేశం.

దాని కోసం పరుగెత్తే ముందు దేశాల సంగతి చూడాలి. ఇక్కడ మీకు చేదుగా అనిపించేదే చెప్పాలి. ఇంగ్లిష్ ఎంత బాగా వచ్చినా కొన్ని దేశాలు ముందు పాస్‌పోర్టు చూస్తాయి. దక్షిణ కొరియా ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లలో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు ఇచ్చే ఈ-2 వీసా సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే. చైనాలో కూడా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాలవారికే పెద్దపీట. ఇది మన పిల్లల ఇంగ్లిష్ మీద తీర్పు కాదు. ఆ దేశాలు అలా గీత గీసుకున్నాయి, దాన్ని న్యాయమని నేను అనను. అమ్మాయికి ఇప్పుడే చెబితే తర్వాత మనసు విరగదు.

జపాన్ లెక్క వేరు. అక్కడి స్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు పన్నెండేళ్లు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్లు చూపించమంటారు. మీ అమ్మాయికి అది ఉంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, వాటి మీద మీడియం రాయించి, ఇప్పుడే తీసి పెట్టుకోండి. చిన్న స్కూళ్లు మూతపడ్డాక ఆ కాగితం కోసం తిరగడం ఎంత నరకమో ఎంతోమంది తండ్రుల దగ్గర విన్నాను.

వియత్నాం, థాయిలాండ్ మనవాళ్లకు కొంత తెరిచి ఉన్న తలుపులు. వియత్నాంలో వర్క్ పర్మిట్‌కు డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య పరీక్ష అడుగుతారు. ఆ పర్మిట్‌కు దరఖాస్తు చేయాల్సింది అక్కడ ఉద్యోగం ఇచ్చే సంస్థే. అంటే అక్కడ స్కూలు పేరు, ఒప్పందం చేతిలో లేకుండా ఇక్కడ కూర్చున్న ఏజెంటు వర్క్ పర్మిట్ తెస్తాననడం కుదిరే పని కాదు. థాయిలాండ్‌లోనూ డిగ్రీ తప్పనిసరి, పైగా మనలాంటి దేశాలవారిని ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కూడా అడుగుతారు. ఇంటర్ అయ్యాక గ్యాప్ ఇయర్‌లో వెళ్దామనుకునే పిల్లలకు నేను వద్దని చెప్పేది ఈ డిగ్రీ వల్లే.

టూరిస్టు వీసా మీద వెళ్లి ఉద్యోగం చేయడం దాదాపు ఏ దేశంలోనైనా చట్టవిరుద్ధం. ఈ ఊళ్లో ఆ మాట విడమరచి చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను. 2024 మే నెలలో కంబోడియా నుంచి మన కుర్రాళ్లు వైజాగ్ ఎయిర్‌పోర్టులో దిగినప్పటి వార్తలు మీరూ చూసే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. విశాఖ పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. మీతో మాట్లాడిన కన్సల్టెన్సీ అలాంటిదని నేను అనడం లేదు. కానీ టూరిస్టు వీసా అన్న మాట వినగానే లేచి వచ్చేయడం మంచిది. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లు కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి, ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఉంటుంది. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. వాళ్లు అడిగిన లక్షా ఎనభై వేలలో ఏది దేనికో కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంగ్లిష్ రావడం, ఇంగ్లిష్ నేర్పడం రెండూ వేర్వేరు విద్యలు. ఎంవీపీ కాలనీ కుర్రవాడొకడు రెండేళ్ల క్రితం ఇదే కోరికతో వచ్చాడు. చక్కని ఇంగ్లిష్. గలగలా మాట్లాడతాడు. పెద జాలరిపేటలో సాయంత్రం పూట పన్నెండు మంది పిల్లలకు ఒక క్లాసు చెప్పి చూపించమన్నాను, నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. బోర్డు మీద ‘యూజ్డ్ టు’ అని రాసి ఇరవై నిమిషాలు వివరించాడు. చివర్లో ‘అర్థమైందా?’ అన్నాడు. ‘అయింది సార్’ అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు. ముందు వరుసలో ఉన్న పాపను నేను అడిగాను: ‘మీ నాన్న ఇదివరకు వేటకెళ్లేవాడు, ఇప్పుడు మానేశాడు. ఎలా చెబుతావమ్మా?’ పాప ఆలోచించి ‘మై ఫాదర్ ఈజ్ యూజ్డ్ టు గో ఫిషింగ్’ అంది. ఆ కుర్రవాడి మొహం వాడిపోయింది. తప్పు పాపది కాదని అతనికే తెలుసు.

పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. ఈసారి బోర్డు మీద పడవ బొమ్మ గీశాడు. ‘మై ఫాదర్ యూజ్డ్ టు గో ఫిషింగ్’ అని ఒక్కసారి చెప్పి, వరసగా మూడు చిన్న ప్రశ్నలు వేశాడు. ఇదివరకు వెళ్లేవాడా? ‘ఎస్.’ ఒక్కసారేనా? ‘నో, మెనీ టైమ్స్.’ ఇప్పుడు వెళ్తున్నాడా? ‘నో.’ అంతే, ఇక అతను మాట్లాడలేదు. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని వాళ్లమ్మల గురించి, తాతల గురించి చెప్పుకున్నారు. అతను వాళ్ల మధ్య తిరుగుతూ విన్నాడు. తప్పులు కాగితం మీద రాసుకుని, చివర్లో ఎవరి పేరూ ఎత్తకుండా బోర్డు మీద దిద్దించాడు. సెల్టాలో ఆ 6 గంటలూ నేర్పేది ముఖ్యంగా ఇదే. ‘అర్థమైందా’ అని అడగడం మానేసి, అర్థమైందో లేదో బయటపెట్టే ప్రశ్న వేయడం. టీచరు మాట తగ్గించి పిల్లల మాట పెంచడం. చిన్నప్పటి నుంచీ మనం లెక్చర్లు విన్నవాళ్లం కాబట్టి ఇది మనకు చాలా కష్టంగా వస్తుంది.

అందుకే ఈ ఏడాదిలో మొదటి నాలుగైదు నెలలు అమ్మాయి ఇక్కడే, ఈ ఊళ్లోనే పాఠం చెప్పాలి. మీ వీధి పిల్లలు చాలు. హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం కోసం తిరుగుతున్న అమ్మాయిలుంటారు, ఇంగ్లిష్ ఇంటర్వ్యూ అంటే వణికే డిప్లొమా కుర్రాళ్లుంటారు. వారానికి మూడు సాయంత్రాలు, ఆరేడుగురు చాలు. డబ్బు రాకపోయినా సరే. ప్రతి క్లాసుకూ ముందు ఒక పేజీ ప్లాను రాయాలి, అయ్యాక ఏం జరిగిందో నాలుగు లైన్లు రాయాలి. ఆ నోటుబుక్కు రేపు ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్‌కూ తీసిపోదు.

తన ఇంగ్లిష్‌కు కూడా కొంత మరమ్మతు కావాలి. సెల్టాకు సీ2 (ఇంగ్లిష్ స్థాయిల కొలమానంలో అన్నిటికన్నా పై మెట్టు), లేదా దాని కింది మెట్టయిన సీ1లో పై స్థాయి ఇంగ్లిష్ ఉండాలంటారు. ఐఎల్‌టీఎస్ పరీక్ష స్కోరులో చెప్పాలంటే సీ1 అంటే 7 నుంచి 8 మధ్య. దరఖాస్తుతో పాటు వ్యాకరణం మీద ఒక రాత టాస్కు ఇస్తారు, తర్వాత ఇంటర్వ్యూ. యాస గురించి సిగ్గుపడక్కర్లేదు, తెలుగు గొంతు తెలుగు గొంతే. కానీ స్పష్టత కావాలి. పడమర అనే ‘వెస్ట్’, బనీను అనే ‘వెస్ట్’ మన నోట్లో ఒకేలా పలుకుతాయి, మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలని ఎవరూ చెప్పలేదు మనకు. ‘బుక్’ అన్నచోట ‘బుక్కు’ అని చివర అచ్చు చేరుస్తాం. ఇవి ఫోన్లో రికార్డు చేసుకుని వింటే నెలరోజుల్లో చాలావరకు సర్దుకుంటాయి.

కాగితాల పని పక్కన నడుస్తూనే ఉండాలి. ఫలితాలు రాగానే యూనివర్సిటీలో ఓడీకి, అదే ఒరిజినల్ డిగ్రీకి, దరఖాస్తు పెట్టించండి. ప్రొవిజనల్‌తో విదేశాల్లో చాలాచోట్ల పని జరగదు. డిగ్రీని రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరించి, విదేశాంగ శాఖ ముద్ర వేయించి, అవసరాన్ని బట్టి ఆ దేశ రాయబార కార్యాలయానికి పంపాల్సి ఉంటుంది. ఇందులో మన తెలుగువాళ్లకు తరచుగా వచ్చే చిక్కొకటుంది, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో ఇంటిపేరు చివర. వీటిని పక్కపక్కన పెట్టి ఇవాళే చూడండి. పోలీసు క్లియరెన్సుకు పాస్‌పోర్టు వాళ్ల వెబ్‌సైట్లో 500 రూపాయలు కట్టి దరఖాస్తు చేయవచ్చు, దాన్ని మాత్రం చివర్లో తీసుకోండి. పాతబడితే ఒప్పుకోరు.

గ్యాప్ వస్తే నష్టమా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. ఏడాదంతా పాఠం చెప్పి నోటుబుక్కు చూపించగలిగితే నష్టం లేదు. వచ్చే ఏడాది పీజీసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్‌కు ప్రయత్నించవచ్చు. ఒక్క విషయం స్పష్టంగా తెలియాలి. సెల్టా మన దగ్గర బీఎడ్‌కు బదులు కాదు. ప్రభుత్వ స్కూల్లో టీచరు కావాలంటే బీఎడ్, టెట్, డీఎస్సీ దారే. గల్ఫ్‌లోని మంచి స్కూళ్లు కూడా సాధారణంగా బీఎడ్, కొన్నేళ్ల అనుభవం అడుగుతాయి. అమ్మాయికి జీవితాంతం టీచింగే కావాలంటే, ఈ ఏడాది అయ్యాక రెండేళ్ల బీఎడ్ గురించి ఆలోచించమనండి. ఇప్పుడే లక్ష పెట్టే స్తోమత లేకపోతే ఇగ్నోలో ఇంగ్లిష్ టీచింగ్ సర్టిఫికెట్ కోర్సు తక్కువ ఖర్చులో ఉంది. విదేశాల్లో సెల్టాకున్నంత పేరు దానికి లేదు, కానీ నేర్చుకునేది నిజమైన విషయమే.

అమ్మగారికి ఒక మాట. మీరు ససేమిరా అన్నది ఆ నలభై రోజుల ప్రయాణానికి అయితే, నేనూ మీ పక్షమే. అమ్మాయి టీచరు కావడానికే అయితే, దయచేసి ఆమె క్లాసు ఒక్కసారి చూసి మాట్లాడండి. ఏడాది చివర ఆమె ఫ్లైటెక్కుతుందని నేను మాటివ్వలేను. ఎక్కితే మాత్రం స్కూలు పేరు, జీతం, ఉండే చోటు రాసి ఉన్న ఒప్పందంతో, సరైన వీసాతో ఎక్కాలి. ఆ స్కూలు వాళ్లతో మీ ముందే వీడియో కాల్ మాట్లాడించండి. ఇప్పటికే అక్కడ పనిచేస్తున్న ఇంకొక భారతీయ టీచరుతో కూడా మాట్లాడాలని అడగండి.

వచ్చే ఆదివారం అపార్టుమెంటులో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు పాఠం చెప్పమనండి. మీరు ఫోన్లో వీడియో తీయండి. తర్వాత గడియారం పెట్టుకుని ఇద్దరూ కలిసి చూడండి, అందులో అమ్మాయి మాట్లాడింది ఎన్ని నిమిషాలు, పిల్లలు మాట్లాడింది ఎన్ని నిమిషాలు అని. ఆ రెండు అంకెలూ రాసి నాకు పంపండి. సెల్టా రాత టాస్కుకు ఎలా సిద్ధమవ్వాలో ఆ తర్వాత చెబుతాను.