కత్తెర పురుగు కోసం వేసవిలో లోతుగా దున్నాలా, మట్టి కోసం దున్నకుండా ఉండాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎర్ర చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేల), ఒక పక్కకు వాలు. యాసంగి మక్క ఏప్రిల్‌లో కోస్తారు, వానాకాలం మళ్ళీ మక్కే. వేసవిలో లోతుగా దున్నితే మక్కను తినే కత్తెర పురుగు ప్యూపాలు (రెక్కలు రాకముందు మట్టిలో కదలకుండా ఉండే దశ) ఎండకు చస్తాయని ఒకరన్నారు. దున్నితే తొలకరికి మట్టంతా పోతుంది, ముట్టుకోవద్దని ఇంకొకరన్నారు. ఇంటి వెనక ఉన్న రెండు గుంటల జాగాలో ఏ కాలానికి ఏ కూరగాయ వేయాలో కూడా అడిగారు. మాది మహబూబాబాద్ వైపు. ఇలాంటి నేలే, ఇదే పంట. మీకు చెప్పిన ఇద్దరిదీ తప్పు మాట కాదు, కానీ ఎప్పుడు దున్నాలన్నది ఇద్దరూ చెప్పలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. కంకి కోసిన వారం పది రోజుల్లోపు, వాలుకు అడ్డంగా, ఒక్కసారి దున్నండి. ఆ తర్వాత మే నెలలో మళ్ళీ నాగలి పెట్టొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

కత్తెర పురుగు మన దగ్గర పుట్టింది కాదు. అమెరికా ఖండాల నుంచి 2016లో ఆఫ్రికాకు, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గకు వచ్చింది. ఆ వానాకాలంలోనే మన మక్క చేలల్లో కనిపించింది. దీని తల్లి పురుగు ఆకు మీద ఒక్కో కుప్పగా 100 నుంచి 200 గుడ్లు పెట్టి, పైన బూడిద రంగు నూగు కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగు రెండు మూడు వారాలు ఆకు, సుడి (మొక్క నడిమధ్య చుట్టుకుని ఉండే లేత ఆకులు), కంకి తిని, కిందికి దిగి భూమిలో 2 నుంచి 8 సెంటీమీటర్ల లోతున ప్యూపా అవుతుంది. ఎండాకాలంలో ఆ ప్యూపా ఎనిమిది తొమ్మిది రోజులే ఉంటుంది. చలికాలంలో అయితే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఈ పురుగు వేసవంతా భూమిలో పడుకుని తొలకరికి లేచే రకం కాదు. ఎర్ర గొంగళి పురుగు అలాంటిది. దాని ప్యూపాలు ఎండాకాలమంతా నేలలోనే ఉండి, మొదటి వానలకు బయటికొస్తాయి. పల్లి, ఆముదం వేసే ఊళ్ళలో పెద్దలు వేసవి దుక్కి గురించి అంత గట్టిగా చెప్పేది అందుకే, దానికి ఆ మాట నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. కత్తెర పురుగు మాత్రం ఏప్రిల్ మొదట్లో మట్టిలోకి దిగితే నెల తిరక్కుండానే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మే చివర ట్రాక్టర్ పెట్టి దున్నితే అప్పటికి నేలలో ఉండేది ఖాళీ పెంకులే. పురుగు చావదు, డీజిల్ ఖర్చు దండగ, పైగా వదులైన మట్టి తొలకరి వానకు సిద్ధంగా ఉంటుంది. మీకు దున్నొద్దన్న ఆయన భయపడింది ఈ మే దుక్కికే అనుకుంటా. అది న్యాయమైన భయం.

ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయినా లెక్క కడితే 5 టన్నులు దాటుతుంది, అంటే దాదాపు రెండు ట్రాలీలు. కంటికి ఆనదు. చెల్క నేలలో పైనున్న సన్న మట్టే ముందు పోతుంది, ఎరువు పట్టి ఉంచేది, తేమ నిలిపేది అదే. మిగిలేది మొరం, గరుకు ఇసుక. మీ చేనులో కింది గెట్టు దగ్గర మక్క నిండుగా, పైభాగంలో గిడసబారి ఉంటే మట్టి ఎటు పోతోందో ఆ పంటే చెప్తోంది.

కోత కాగానే దున్నితే మాత్రం రెండు పనులూ అవుతాయి. అప్పుడు ప్యూపాలు ఇంకా నేలలోనే ఉంటాయి. నాగలి వెంట కొంగలు, గోరింకలు దిగి ఏరుకు తింటాయి, మిగిలినవి ఎండకు మాడతాయి. ఏప్రిల్ వానలు అటూ ఇటూగా పడినా, వాలుకు అడ్డంగా వేసిన సాళ్ళు ఆ నీళ్ళను పట్టుకుని లోపలికి ఇంకిస్తాయి. పెద్ద పెద్ద గడ్డలు లేస్తే లేవనివ్వండి, వాటిని పగలగొట్టొద్దు. రోటావేటర్ అసలే వద్దు. అది మట్టిని పిండి చేస్తుంది, చెల్కలో ఆ పిండి మీద మొదటి చినుకులు పడగానే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద నీళ్ళు ఇంకవు, జారిపోతాయి. గడ్డలు రోహిణి ఎండకు, ఒకటి రెండు చినుకులకు వాటంతటవే విచ్చుకుంటాయి. విత్తే ముందు ఒకసారి గుంటక తోలితే చాలు.

ఒక మాట కూడా దాచకుండా చెప్పాలి. మీ చేను ఎంత బాగా దున్నినా పురుగు రాకుండా ఉండదు. తల్లి పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా ఎగరగలదు. దుక్కి వల్ల మీ చేనులో పుట్టేవి తగ్గుతాయి, అంతవరకే. అందుకే ఊళ్ళో అందరూ దగ్గర దగ్గర రోజుల్లో విత్తుకోవడం చాలా ముఖ్యం. మా దగ్గర నెల ఆలస్యంగా వేసిన మడులే ఎక్కువ దెబ్బతింటాయి. ముందు వేసిన చేలల్లో పెరిగిన పురుగంతా లేత సుడులు ఎక్కడున్నాయో వెతుక్కుని వాటి మీద పడుతుంది.

మొరం తేలిన ఆ పైభాగంలో నేనైతే వానాకాలం మక్క వేయను. అక్కడ కంది వేయండి. మక్క అక్టోబర్‌కల్లా అయిపోతుంది, కంది మాత్రం సంక్రాంతి దాకా నేలను కప్పి ఉంచుతుంది, రాలిన ఆకు మట్టికే పోతుంది. మిగతా చేనులో కూడా మక్క సాళ్ళ మధ్య కందో, అలసందో, పెసరో వేస్తే ఖాళీ నేల తగ్గుతుంది, తల్లి పురుగుకు మక్క మొక్కలు వరుసగా దొరకవు, మిత్ర పురుగులు నిలుస్తాయి.

గెట్టు మీద మూడు నాలుగు వరుసలు నేపియర్ గడ్డి పెట్టండి. దాని వేర్లు గెట్టును పట్టి ఉంచుతాయి, పశువులకు మేత అవుతుంది, కత్తెర పురుగు కొంత దాని మీద గుడ్లు పెడుతుంది. అయితే దాన్ని చూసుకునే ఓపిక ఉంటేనే పెట్టండి. ఆకు మీద పురుగు కనిపించగానే వేప నూనె కొట్టాలి, లేకపోతే ఆ గడ్డే చేనుకు పురుగును పెంచి ఇస్తుంది. అంత తీరిక లేదనుకుంటే వట్టివేరు గానీ గ్లైరిసిడియా గానీ నాటండి. గ్లైరిసిడియా కొమ్మలు వానల్లో గుచ్చితే బతుకుతాయి, రెండో ఏడు నుంచి ఆకు కోసి చేనులో పరుచుకోవచ్చు. నీళ్ళు గెట్టు దాటే చోట రాళ్ళు పేర్చి మత్తడి (ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి) కట్టడం మరిచిపోవద్దు. ఎంత మంచి గెట్టయినా గండి పడేది అక్కడే.

చొప్ప కాల్చొద్దు. పురుగు చస్తుందని కొందరు నిప్పు పెడతారు గానీ, మట్టి లోపలున్న ప్యూపాకు ఆ వేడి పెద్దగా తగలదు. పోయేది నేల మీది చెత్త, దాంతోపాటు నేలలోకి చేరాల్సిన బలం.

ఇక పంట మొలిచాక. మొదటి 30 రోజులే మన చేతిలో ఉన్న కాలం. విత్తనానికి సయాంట్రానిలిప్రోల్, థయామిథాక్సమ్ కలిసిన మందు కిలోకు 4 మి.లీ. పట్టిస్తే రెండు మూడు వారాలు కాస్త నిశ్చింత. తర్వాత రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు పొద్దున్నే చేనులో తిరగాలి. గట్టు మీద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. ఐదు చోట్ల ఆగి, ఒక్కో చోట ఇరవై మొక్కలు వంగి చూడండి. మొదట ఆకు మీద పొడుగ్గా తెల్లటి, కాగితంలా పలచని మచ్చలు కనిపిస్తాయి. పిల్ల పురుగు ఆకుపచ్చని భాగం గోకి తిని, కింది పొర వదిలేసిన గుర్తు అది. అప్పుడే పట్టుకుంటే పని సులువు. వారం దాటితే సుడిలో తడి రంపపు పొట్టు లాంటి పురుగు రెట్ట కనిపిస్తుంది. సుడి విప్పితే అడుగున ఒక్కటే పెద్ద పురుగు ఉంటుంది, ఎందుకంటే పెద్దది మిగతావాటిని తినేస్తుంది. తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి తెల్ల గీత, తోక వైపు చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు చూస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నూగు కప్పిన గుడ్ల కుప్ప దొరికితే ఆకుతో సహా నలిపేయండి. ఒక్క కుప్ప నలిపితే వంద పురుగులు పోయినట్టే, ఇంత చౌకైన మందు ఇంకోటి లేదు. లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) ఎకరానికి 5 పెడితే రెక్కల పురుగు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. పిట్టలు వాలడానికి ఎకరానికి 10 చోట్ల పంగల కర్రలు పాతండి. పొడి ఇసుక 9 పాళ్ళు, సున్నం 1 పాలు కలిపి సుడిలో చిటికెడు వేస్తే పురుగు లోపల బతకలేదు. ఇంట్లో ఇద్దరు దిగితే చిన్న చేనుకు ఇది బాగా పనికొస్తుంది, మా ఇంట్లో ఆడవాళ్ళు కలుపు తీస్తూనే ఈ పని చేస్తారు.

నూటికి 5 మొక్కలకు మచ్చలుంటే అజాడిరాక్టిన్ 1500 పీపీఎం వేప మందు లీటరుకు 5 మి.లీ. 10 దాటితే ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రా. లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 మి.లీ. సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి వంచి కొట్టాలి. పైపైన కొడితే డబ్బులు గాలికి పోసినట్టే. ఒకే మందు వరుసగా రెండుసార్లు వద్దు. పురుగు బాగా పెద్దదై సుడిలో దిగితే స్ప్రే అందదు, అప్పుడు విషపు ఎరే దారి. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళతో కలిపి 24 గంటలు ఊరబెట్టి, వేసే అరగంట ముందు 100 గ్రా. థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేస్తారు. చేతులకు తొడుగులు తప్పనిసరి. కోళ్ళు, పశువులు అటు వైపు రాకుండా చూసుకోండి.

ముసురు పట్టిన రోజుల్లో కొన్ని పురుగులు ఆకుకు అంటుకుని, గట్టిపడి, ముందు తెల్లగా తర్వాత లేత ఆకుపచ్చగా మారి కనిపిస్తాయి. వాటిని తీసి పారేయొద్దు. అది పురుగును చంపే బూజు, దాని నుంచే పక్క పురుగులకు అంటుకుంటుంది. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే మందు కొట్టడం ఒక వారం ఆపి చూడండి. నాకు చేనులో అన్నిటికంటే సంతోషం కలిగించే దృశ్యం ఇదే.

ఇంటి వెనక జాగా గురించి. పిల్లల కోసం నాలుగు మక్క మొక్కలు వేద్దామనిపిస్తుంది, ముఖ్యంగా మే నెలలో. ఆ నాలుగు మొక్కలే యాసంగికి, వానాకాలానికి మధ్య పురుగుకు తిండి అందిస్తాయి. ఆ రెండు నెలలు ఊళ్ళో పచ్చి మక్క ఎంత తక్కువుంటే అంత మేలు. ఎండాకాలం తోటకూర, పుంటికూర, దోస చాలు. మృగశిర దాటాక బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర. దసరా దగ్గర పడుతుండగా టమాట, వంగ, పాలకూర, మెంతి. బీర, కాకరలకు పండు ఈగ వస్తుంది. దాని పిల్ల కూడా మట్టిలోనే ప్యూపా అవుతుంది కాబట్టి, పుచ్చిన కాయను పాదులో వదలకుండా రోజూ ఏరి, అడుగున్నర లోతు గుంటలో పూడ్చండి. కోళ్ళుంటే, పాదులు ఖాళీ అయ్యాక అక్కడ వదలండి. అవి కెలికినంత శుభ్రంగా మనం గడ్డపారతో కెలకలేం.

చెరువు మట్టి తోలించుకునే వీలుంటే ఈ మేలోనే తోలించండి. చెల్కకు ఒండ్రు కలిస్తే తేమ నిలిచే తీరే మారిపోతుంది. ముందుగా ఆ మొరం తేలిన పైభాగానికే వేయండి, కింది గెట్టు దగ్గర ఎలాగూ మట్టి ఉంది. మీ వాలు ఎటు నుంచి ఎటో, బోరు ఎక్కడుందో రాస్తే సాళ్ళు ఏ దిక్కున వేయాలో, మత్తడి ఎక్కడ కట్టాలో ఇంకాస్త సరిగ్గా చెప్పగలను.