సార్‌ని లెటర్ అడగబోయే ముందు

చిన్నీ,

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నావని, రికమండేషన్ లెటర్లు ఎవర్ని అడగాలో తేలడం లేదని మీ నాన్న చెప్పాడు. మామూలుగా మూడు అడుగుతారు. హోదా చూసి ప్రిన్సిపాల్ గారి గది ముందు పడిగాపులు పడకు. ఆయనకు నీ పేరు కూడా తెలియదు. నీ ప్రాజెక్టు దగ్గరుండి చూసిన మేడమ్ ఇంకా అసిస్టెంట్ ప్రొఫెసరే కావచ్చు, అయినా నీ గురించి రాయడానికి ఆవిడ దగ్గరే ఏదైనా ఉంటుంది.

ఇన్నేళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి కదా, మా బాధ కూడా విను. నవంబరు వచ్చిందంటే ల్యాబ్ ఎగ్జామ్స్, వాల్యుయేషన్ డ్యూటీ, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ల కోసం ఫైళ్లు. ఆ హడావిడిలో వచ్చి "సార్, రేపే లాస్ట్ డేట్" అంటే ఒళ్లు మండేది. ఫాల్ అడ్మిషన్ల, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే చదువుల గడువులు చాలావరకు డిసెంబరు, జనవరిల్లో ఉంటాయి. దసరా సెలవులు అవగానే కలువు. వాట్సాప్‌లో మెసేజ్ పడేసి ఊరుకోకుండా, వెళ్లి అడుగు. "నా పని గురించి గట్టిగా రాయొచ్చని మీకనిపిస్తే ఇస్తారా మేడమ్?" అను. ఆవిడ నసిగితే బతిమాలొద్దు, నమస్కారం పెట్టి వచ్చెయ్.

మన దగ్గర చాలామంది "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. అక్కడే పిల్లలు కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన నమూనా పట్టుకొచ్చి మూడు లెటర్లూ ఒకే మూసలో పోస్తారు. హార్డ్ వర్కింగ్, సిన్సియర్ అని ఎవరికైనా అతికే మాటలే. నువ్వు మాత్రం విషయాలు రాసిన పేజీ ఒకటి చేతికిచ్చి, "మీ మాటల్లో రాయండి మేడమ్" అను. "మోటార్ ఆన్ అవగానే నేల తేమ రీడింగ్ గంతులేసేది. సెన్సర్‌కీ మోటార్‌కీ ఒకటే పవర్ సప్లై ఉందని కనిపెట్టి విడగొట్టాను. రెండో రివ్యూలో మీరడిగింది దాని గురించే" అని అందులో ఉండాలి. అది చదివితే ఆవిడకు నీ ముఖం గుర్తొస్తుంది. మార్కుల మెమోలు, ఎందుకు చదవాలనుకుంటున్నావో నువ్వు రాసుకునే ఎస్‌ఓపీ, గడువులతో సహా యూనివర్సిటీల పట్టిక జత చెయ్.

లెటర్ అప్‌లోడ్ చేసే లింకు యూనివర్సిటీ నుంచి నేరుగా ఆవిడ మెయిల్‌కి వెళ్తుంది. కాలేజీ మెయిల్ ఐడీయే ఇవ్వు, జీమెయిల్‌ని కొన్నిచోట్ల ఒప్పుకోరు. స్పామ్‌లో కూడా చూడమను. సార్ పేరుతో దొంగ ఐడీ చేసి తామే అప్‌లోడ్ చేసే తెలివితేటలు హాస్టల్లో ఎవరో ఒకరు నేర్పుతారు. దొరికితే సీటు పోతుంది, ఆ ఛాయలకు పోకు.

ఫారంలో ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నావా అని అడుగుతారు. 1974లో అమెరికాలో వచ్చిన ఫెర్పా చట్టం అక్కడ చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కిచ్చింది, అందుకే ఆ ప్రశ్న. వదులుకుంటున్నానని టిక్ పెట్టు. నువ్వు చూడవని తెలిస్తేనే ఆ లెటర్‌ని నమ్ముతారు.

గడువుకు వారం ముందు ఒక్కసారి గుర్తు చెయ్. సీటు వచ్చినా రాకపోయినా ఆవిడకు నువ్వే వెళ్లి చెప్పు. మేం లెటర్లిచ్చిన పిల్లల కబుర్లు మాకు ఎవరో చెబితేగానీ తెలిసేవి కావు.

ట్రాన్స్‌క్రిప్టులకు, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులతో ఇచ్చే అధికారిక పత్రాలకు మాత్రం ఈ వారమే అప్లై చెయ్యి. అది వేరే తలనొప్పి.

నీ పెదనాన్న