తల్లిదండ్రులిద్దరూ సాధారణ ఎత్తు ఉన్నప్పుడు పాపకు అకాండ్రోప్లాసియా ఎలా వస్తుంది?

మీరిద్దరూ సాధారణ ఎత్తులోనే ఉన్నా పాపకు అకాండ్రోప్లాసియా (ఎముకలు సరిగా పెరగక పొట్టితనం కలిగించే జన్యు సమస్య) ఎందుకు వచ్చిందని, గ్రోత్ హార్మోన్ ఇస్తే సరిపోతుందా అని అడిగారు. ఇందులో మీ ఇద్దరి తప్పూ ఏమాత్రం లేదని ముందుగా చెప్పాలి. ఈ సమస్య ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి అది ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో కొత్తగా తలెత్తిన మార్పు వల్లనే వస్తుంది. 1994లో గుర్తించిన ఈ మార్పు వల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 380వ స్థానంలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ఆర్జినీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరుతుంది. దాంతో ఎముకల చివర్లలోని మృదులాస్థి పెరుగుదలను అవసరమైనంత మేరకే అదుపు చేయవలసిన ఆ ప్రోటీన్ (కణాలకు సంకేతాలు అందించే గ్రాహకం), బ్రేకు మీద నుంచి కాలు తీయని డ్రైవరులా, దాన్ని నిరంతరం అణచివేస్తూనే ఉంటుంది. అసలు కారణం హార్మోన్ కొరత కాదు కనుక, గ్రోత్ హార్మోన్‌పై పెద్దగా ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను.

ఆ అణచివేతను సడలించే వోసోరిటైడ్ అనే మందుకు 2021లో యూరప్, అమెరికాల్లో అనుమతి లభించింది. ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో) పోల్చిన పరీక్షలో ఏడాదికి సుమారు 1.6 సెంటీమీటర్ల అదనపు పెరుగుదల కనిపించింది. అయితే గ్రోత్ ప్లేట్లు (ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే మృదులాస్థి పొరలు) మూసుకుపోకముందే మొదలుపెట్టి, రోజూ చర్మం కింద ఇంజెక్షన్ ఇవ్వాలి.

పాప ఇంకా పసిబిడ్డ అయితే మాత్రం ఎత్తు కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది: పుర్రె అడుగున ఉండే రంధ్రం ఇరుకుగా ఉండి వెన్నుపాముపై ఒత్తిడి పడవచ్చు. నిద్రలో శ్వాస ఆగుతున్నట్లు అనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి.