పీసీ అసెంబుల్ చేయడం వస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. రెడీమేడ్ కంప్యూటర్ వద్దు, విడిభాగాలు కొనిస్తే తనే అసెంబుల్ చేసుకుంటానని పట్టుబట్టాడు. హార్డ్‌వేర్‌లోనే స్థిరపడతానంటున్నాడు. కొనివ్వమంటారా? రేపు ఉద్యోగానికి ఇది పనికొస్తుందా? (ఒక తల్లి)

జవాబు: కొనివ్వండమ్మా. అయితే బిగించడం వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదు. స్క్రూడ్రైవర్ తిప్పడం తెలిసినవాళ్లెవరైనా ఒక పూటలో బిగించేస్తారు. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉందనుకోండి, తప్పెక్కడుందో పట్టుకోవాలి కదా, జీతం దానికి ఇస్తారు. కొన్న కంప్యూటర్‌ను ఆ విద్య నేర్చుకోవడానికి వాడమనండి.

భాగాల జాబితా బాబునే రాయమనండి. ప్రతిదాని పక్కనా ‘ఇది దేనికి సరిపోతుంది, ఎందుకు’ అని ఒక వాక్యం ఉండాలి. ప్రాసెసర్ కూర్చునే గూటిని సాకెట్ అంటారు. ఏఎండీ వారి ఏఎం5 సాకెట్ ప్రాసెసర్ ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్ ఉన్న మదర్‌బోర్డులో కూర్చోదు. సాకెట్ కుదిరినా, బోర్డులోని బయోస్ (కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్) పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాల ర్యాముల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి. బలవంతంగా నొక్కితే స్లాటు పోతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెట్టకపోతే డిస్‌ప్లే రాదు. కార్డు పొడవు, కూలర్ ఎత్తు క్యాబినెట్‌లో పడతాయో లేదో కూడా చూసుకోవాలి. పిల్లలు డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టి, అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గర పొదుపు చేస్తారు. ఆ ఒక్కచోట మీరు గట్టిగా నిలబడండి.

భాగాలు రాగానే క్యాబినెట్‌లో బిగించనివ్వకండి. మదర్‌బోర్డును అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్ అమర్చాలి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయడం మరిచిపోకూడదు. చాలా బోర్డుల్లో నాలుగు స్లాట్లుంటే ఒంటరి స్టిక్ ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులోకి వెళ్తుంది. ఎస్ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల కేబుల్, సీపీయూ (ప్రాసెసర్) కోసం 8 పిన్నుల కేబుల్ పెట్టాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా. బోర్డు మీద పవర్ స్విచ్ కోసం ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. డీడీఆర్5 అయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లతెరే ఉండొచ్చు. చాలామంది అక్కడే కంగారుపడి స్విచ్ ఆపేస్తారు.

బయోస్ తెర కనబడిందంటే ఆ భాగాలు చాలావరకు బాగున్నట్టే. క్యాబినెట్‌లో పెట్టాక రాకపోతే ముందుగా బిగింపునే అనుమానించాలి. బోర్డులో రంధ్రం లేని చోట కింద ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తిపట్టే చిన్న దిమ్మె) ఒకటి మిగిలిపోయిందనుకోండి, అది బోర్డు వెనక టంకానికి తగిలి షార్టవుతుంది. స్విచ్ నొక్కితే ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగిపోయే కేసుల్లో ఇదీ ఒకటి. ఇంకో ప్రమాదం మాడ్యులర్ (ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్ కేబుళ్లు. పాతదాని కేబుల్ కొత్తదానికి పట్టింది కదా అని పెట్టేస్తారు. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తే డ్రైవు కాలిపోతుంది.

కంప్యూటర్ నడిచాక అసలు చదువు మొదలవుతుంది. బాబు గదిలో లేనప్పుడు మీరే పవర్ ప్లగ్ తీసి ఒక తప్పు చేసిపెట్టండి. ర్యామ్‌ను ఒకవైపు సగం లేపండి, సీపీయూ 8 పిన్నుల కేబుల్ ఊడదీయండి, లేదా మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డు నుంచి తీసి మదర్‌బోర్డుకు పెట్టండి. బాబు ఒక నోటు పుస్తకంలో లక్షణం, అనుమానం, చేసిన పరీక్ష, తేలిన కారణం రాసుకోవాలి. బోర్డు మీద సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిందో అదీ రాయాలి. ఇలాంటివి ఇరవై రాస్తే ఇంటర్వ్యూలో ‘హార్డ్‌వేర్ వచ్చు’ అనే మాట కన్నా ఆ పుస్తకం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక దారులు. అందరికన్నా ముందు తలుపు తెరిచేది డెస్క్‌టాప్ సపోర్ట్, అంటే ఆఫీసుల్లో కంప్యూటర్ల ఇబ్బందులు సరిచేసే పని. దానికి కాంప్టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్ ఉంది. రెండు పరీక్షలు, ఒక్కొక్కటి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900 స్కేలుపై మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. డేటా సెంటర్ (సర్వర్లుండే చోటు) టెక్నీషియన్ కావాలంటే లైనక్స్, నెట్‌వర్కింగ్ తోడవ్వాలి. ల్యాప్‌టాప్ బోర్డుల రిపేరు వేరే చేతిపని, అక్కడ మల్టీమీటర్, సోల్డరింగ్, సర్క్యూట్ చదవడం ముఖ్యం. చిప్ డిజైన్‌కు ఎలక్ట్రానిక్స్ డిగ్రీ కావాలి. పీసీ బిగించిన అనుభవం అక్కడ దాదాపు లెక్కలోకి రాదు, గణితం వస్తుంది. అసెంబ్లీ ఒక్కటే బతుకుతెరువు చేసుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. ర్యామ్ కూడా బోర్డుకే అతికించి వచ్చే ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లకు అసెంబ్లర్‌తో పనే లేదు.

మొదటిసారి డిస్‌ప్లే రాని రోజు బాబును గమనించండి. అన్నీ ఒకేసారి పీకి మళ్లీ పెట్టి, పనిచేయగానే ఆటలో పడిపోతే ఇది సరదా. అలాగే ఉండనివ్వండి, చదువు మరో దారిలో సాగనివ్వండి. ఒక్కొక్కటే మార్చి చూస్తూ, పనిచేశాక కూడా ‘ఇందాక ఎందుకు రాలేదు’ అని మళ్లీ విప్పుతుంటే మాత్రం పరీక్ష ఫీజు కట్టేయండి.