సభలో శ్రోత తాళం వేయవచ్చా?

ప్రశ్న: ఇటీవల ఒక కచేరీలో ముందు వరుసలో కూర్చుని తాళం వేస్తుంటే, గాయకుల ఏకాగ్రత చెడుతుందని పక్కవారు నన్ను వారించారు. నిజంగా అది పాటకు అడ్డమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లెక్క తప్పనంతవరకు అది అడ్డం కాదమ్మా, పాడేవారికి పెద్ద అండ. ఆదితాళంలో ఒక దెబ్బ వేసి, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు లెక్కించి, ఆపై రెండుసార్లు దెబ్బ, విసర్జితం (అరచేయి పైకి తిప్పడం) వేస్తే 8 అక్షరాలు, అంటే 8 తాళపు లెక్కలు, పూర్తవుతాయి. స్వరకల్పనలో, అంటే సరిగమలను అప్పటికప్పుడు అల్లి పాడడంలో, ఎంతో దూరం విహరించిన గాయకుడు ఎత్తుగడను (తాళంలో పాట అందుకునే చోటును) సరిగ్గా అందుకున్న క్షణంలోనే ఎదురుగా పది చేతులు కూడా అక్కడే దిగడం వేదికపై నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. అది చూశాక మరో నాలుగు ఆవర్తనాలు (తాళం చుట్లు) పాడాలన్న ఉత్సాహం తనంత తానే వస్తుంది. అయితే చప్పుడు వినిపించకూడదు. తాళం తప్పిందని అనిపిస్తే చేయి ఆపి వినడమే మర్యాద.

పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం మొదలుకాగానే లేచి వెళ్లిపోయేవారిని చూస్తే మాత్రం నాకు చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే శ్రోతలు వేసే తాళం లెక్క మృదంగ విద్వాంసుడికి అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది అప్పుడే.

శ్రోతలు ఇలా పాలుపంచుకోవడం మనకు కొత్త కాదు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి ఎదుట విద్వాంసులు పంచరత్న కీర్తనలు పాడుతుంటే, వినవచ్చినవారు కూడా గొంతు కలుపుతారు. మన హరికథలోనైతే దాసుగారు అందించగానే సభ అంతా ‘గోవిందా’ అనకపోతే కథ ముందుకు సాగదు.

వచ్చే కచేరీలో కూడా ముందు వరుసలోనే కూర్చోండి.